గొర్రెల కోసం ఖాళీ చేసిన ఊరు

ఇంగ్లండు అనగానే మనకు లండను గుర్తొస్తుంది. రాజభవనం, పార్లమెంటు గడియారం, థేమ్స్ నది మీద వంతెనలు గుర్తొస్తాయి. ఈ పూట నేను చెప్పబోయేది వాటితో ఏ సంబంధమూ లేని ఒక చిన్న పల్లె సంగతి. దాని పేరు వోరమ్ పెర్సీ. ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైర్ ప్రాంతంలో, మాల్టన్ అనే సంత ఊరికి ఏడు మైళ్ళ దూరంలో, సుద్దరాతి గుట్టల నడుమ ఒక లోయ అంచున ఉంది ఆ పల్లె. ఉంది అంటున్నాను గాని, ఇవాళ అక్కడ జనం లేరు. పైకప్పు లేని ఒక చర్చి, దాని కింద చిన్న చెరువు, ఒక పాత ఇల్లు, చుట్టూ పచ్చిక, ఆ పచ్చికలో మేసే పశువులు. అంతే. సుమారు ఐదు వందల ఏళ్ళ కిందట ఆ ఊరి చివరి రైతులు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు.

అక్కడ రాజులు పుట్టలేదు, యుద్ధాలు జరగలేదు, కవులు పాడలేదు. అయినా ఇంగ్లండులో మధ్యయుగపు రైతు ఎలా బతికాడు, ఏం తిన్నాడు, ఏ జబ్బుతో చనిపోయాడు అని ఎవరైనా అడిగితే పండితులు మొదట చూపించేది ఈ ఊరినే. ఇంత లోతుగా పరిశోధించిన పల్లె ఆ దేశంలో మరొకటి లేదు.

ఆ పచ్చిక మీద ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూడాలి. నేల సమతలంగా ఉండదు. ఇక్కడ ఒక గట్టు, అక్కడ ఒక పల్లం, వాటి మధ్య పొడుగ్గా సాగిన ఒక లోతైన దారి. గట్లు గోడల పునాదులు. పల్లాలు ఇళ్ళ నట్టిళ్ళు. లోతైన దారి ఊరి వీధి. బండ్లు, పశువులు, మనుషులు తరతరాలు నడిచి నడిచి అరగదీసిన వీధి. ప్రతి ఇంటి వెనకా పొడవాటి పెరడు, ఆ పెరళ్ళ అవతల పొలం. ఇళ్ళ వరసలు తీర్చినట్టుంటాయి. అంటే ఈ ఊరు ఎలా పడితే అలా పెరగలేదు. ఎవరో కొలిచి, స్థలాలు విడగొట్టి, వీధి వేసి కట్టించారు. సుమారు వెయ్యేళ్ళ కిందటి మాట ఇది. అంతకు ముందు కూడా ఆ గుట్టల మీద మనుషులున్నారు. రోమన్ల కాలంలో అక్కడ కమతాలు ఉండేవి. ఆ తరువాత శాక్సన్ల కాలంలో కమ్మరి కొలిమి ఒకటి ఉండేది.

1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలుచుకున్నాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1086లో, దేశంలో ఎవరికెంత భూమి ఉందో, ఎన్ని అరకలు నడుస్తున్నాయో లెక్క రాయించాడు. డూమ్స్‌డే అని పిలిచే ఆ లెక్కల పుస్తకంలో వోరమ్ పేరు ఉంది. తరువాత ఆ ఊరు పెర్సీ అనే దొరల కుటుంబం చేతికి వచ్చింది. ఊరి పేరులో రెండో సగం వాళ్ళదే. దొరలు ఈ ఊరి పేరుకు తమ పేరు తగిలించి వెళ్ళారు. దున్నినవాళ్ళ పేర్లు మాత్రం ఊరికి పెట్టలేదు.

ఆ దున్నినవాళ్ళ గురించి తెలుసుకోవాలని పట్టుబట్టిన మనిషి మారిస్ బెరెస్‌ఫర్డ్. 1948లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి వచ్చిన ఆర్థిక చరిత్ర అధ్యాపకుడు. పాత పటాలు, పన్నుల చిట్టాలు చదవడం ఆయన పని. ఆ చిట్టాల్లో పన్ను కట్టిన ఊళ్ళు కొన్ని నేటి పటాల్లో లేవని ఆయన గమనించాడు. ఇంగ్లండులో ఊళ్ళకు ఊళ్ళు పాడుబడడం చాలా అరుదని అప్పటి పెద్ద చరిత్రకారులు నమ్మేవారు. బెరెస్‌ఫర్డ్ పటం పట్టుకుని పొలాలకు నడిచాడు. గట్లు, పల్లాలు కనిపించాయి. అవి ఇళ్ళ పునాదులేనా, ఉత్త మట్టి గట్లా అన్న అనుమానం తీర్చుకోవడానికి 1950లో వోరమ్ పెర్సీలో పార పట్టాడు. ఆయన పురావస్తు శాస్త్రం చదివినవాడు కాదు. గోడ ఉందో లేదో చూడాలి, అంతే. గోడ ఉంది.

అది చూసి జాన్ హర్స్ట్ అనే యువకుడు వచ్చి చేరాడు. ఆయన తవ్వకాల శాస్త్రం తెలిసినవాడు. అక్కడి తవ్వకాలు మొత్తం నలభై వేసవులు నడిచాయి. 1950 నుంచి 1990 దాకా. ఏటా కొద్ది వారాలు. విద్యార్థులు, బడి పంతుళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు, శిక్ష పడి సంస్కరణ బడుల్లో ఉన్న కుర్రాళ్ళు కూడా వచ్చి తవ్వారు. అక్కడ మిగిలి ఉన్న ఆ ఒక్క పాత ఇల్లే అందరికీ వంటిల్లు, ఆఫీసు, బస. తవ్విన ఫలితాలను అచ్చు వేయడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. పదమూడు సంపుటాలు. చివరిది 2012లో వచ్చింది. అప్పటికి బెరెస్‌ఫర్డూ లేడు, హర్స్టూ లేడు. ఒక చిన్న పల్లె కోసం ఇంతమంది ఇన్నేళ్ళు పెట్టిన శ్రద్ధ నన్ను కదిలిస్తుంది. కోటల కోసం, సమాధుల కోసం, బంగారం కోసం తవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. గొడ్ల చావడి కోసం తవ్వినవాళ్ళు వీళ్ళు.

పద్ధతిలో కూడా వాళ్ళు కొత్త దారి పట్టారు. అంతకు ముందు ఇంగ్లండులో తవ్వకం అంటే సన్నటి కందకం తీసి, గోడ తగిలితే దాని వెంట పోవడం. ఆ పద్ధతి రాతి కట్టడాలకు సరిపోతుంది. మట్టి, కర్ర, సుద్దరాయి కలిపి కట్టిన రైతు ఇంటికి సరిపోదు. డెన్మార్కు పరిశోధకులు చేసినట్టు హర్స్ట్ ఇంటి స్థలం మొత్తం మీద పచ్చిక తీసేసి, పొర తరువాత పొర మెల్లగా ఒలిచాడు. అప్పుడు గాని రైతు ఇల్లు కంటికి కనిపించలేదు.

ఎలా ఉండేది ఆ ఇల్లు? పొడుగ్గా ఒకే కప్పు కింద రెండు భాగాలు. ఒక కొసన మనుషులు, మరో కొసన పశువులు. మధ్యలో ఎదురెదురుగా రెండు వాకిళ్ళు. మనుషులుండే వైపు నేల మీద పొయ్యి. పొగ పోవడానికి పొగగొట్టం లేదు, కప్పులోంచే పోవాలి. వంపు తిరిగిన పెద్ద దూలాల జతలు కప్పు బరువు మోస్తాయి. గోడలు ఆ దూలాల మధ్య చలిగాలికి అడ్డం మాత్రమే.

ఈ ఇళ్ళ గురించి పండితుల అభిప్రాయం మధ్యలో మారింది. మొదట్లో, గోడల పునాదులు ఒకదాని మీద ఒకటి వంకరటింకరగా కనిపించేసరికి, పాపం పేద రైతుల గుడిసెలు, తరానికొకసారి కూలిపోయేవి, మళ్ళీ కట్టుకునేవారు అనుకున్నారు. 1989లో స్టూవర్ట్ రాత్‌మెల్ అనే పరిశోధకుడు ఆ ఆనవాళ్ళనే మళ్ళీ పరిశీలించి వేరే మాట చెప్పాడు. కూలింది గోడలే, ఇల్లు కాదు. దూలాలు అలాగే నిలిచి ఉండగా, పాడైన గోడను మాత్రం తీసేసి కొత్తది పెట్టుకున్నారు. అంటే అవి గుడిసెలు కావు, వడ్రంగుల చేత కట్టించుకుని తరతరాలు కాపాడుకున్న గట్టి ఇళ్ళు. ఈ మార్పు చిన్నది కాదు. పేదవాడి ఇల్లు నాసిరకంగానే ఉంటుందని ముందే అనుకుని చూస్తే, నేల కూడా అలాగే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. తవ్వినవాళ్ళకు ఇళ్ళ లోపల వస్తువులు పెద్దగా దొరకలేదు. ఎందుకో తెలుసా? ఇల్లాళ్ళు ఊడ్చేశారు. రోజూ ఊడ్చి ఊడ్చి నట్టిల్లు పళ్ళెంలా గుంట పడింది. దొరికినవన్నీ బయట, చెత్త వేసిన చోట, పెరట్లో. కుండ పెంకులు, కత్తులు, సూదులు, తాళాలు, తాళంచెవులు. తాళం వేసుకునేటంత సొత్తు ఆ రైతు ఇంట్లో ఉందన్నమాట. సముద్రపు చేపల ముళ్ళు దొరికాయి. కొండల నడుమ ఉన్న పల్లెకు సముద్రపు చేప వచ్చిందంటే సంత ఉంది, రాకపోకలు ఉన్నాయి, కొనే డబ్బు అప్పుడప్పుడైనా ఉంది.

ఇక మనుషులు. చర్చి చుట్టూ ఉన్న శ్మశానంలో సుమారు ఏడు వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిని ఏళ్ళ తరబడి పరీక్షించారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు నేటి పదేళ్ళ పిల్లవాడంత ఎత్తే ఉన్నాడు. తిండి చాలలేదు, జబ్బులు వదల్లేదు. అయితే తల్లులు బిడ్డలకు ఏడాదిన్నర దాకా పాలిచ్చారు. ఈ విషయం బిడ్డల ఎముకల్లోని నైట్రోజన్‌ను పరీక్షించి కనిపెట్టారు. ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయని మాట ఇది. పెద్ద వయసు ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారిపోయి ఉన్నాయి. నేటి ఆడవాళ్ళలో ఎంత నష్టం కనిపిస్తుందో ఇంచుమించు అంతే. ఒళ్ళు వంచి పనిచేస్తే ఎముకలు గుల్లబారవని అనుకునేవారికి ఇది ఆలోచించవలసిన విషయం. పశువులతో ఒకే కప్పు కింద బతికారు కాబట్టి క్షయ వాటి నుంచే అంటి ఉంటుందని ఊహించేవారు. క్షయ ఆనవాళ్ళున్న ఎముకలను పరీక్షిస్తే మనిషి నుంచి మనిషికి సోకే రకమే కనిపించింది, పశువుల రకం కాదు.

ఒక మగమనిషి పుర్రె మీద పెద్ద దెబ్బ ఉంది. మొద్దు ఆయుధంతో కొట్టిన దెబ్బ. లోపలికి నొక్కుకుపోయిన ఎముకను సరిచేయడానికి ఎవరో నెత్తి మీద చర్మం ఎత్తి, ఎముక గీకి, శస్త్రచికిత్స చేశారు. అతను బతికాడు. ఆ గాయం మానిన గుర్తులున్నాయి. సుమారు వెయ్యేళ్ళ కిందటి పల్లెటూరి రైతుకు తల మీద శస్త్రచికిత్స! ఎవరు చేశారో పేరు లేదు. ఊళ్ళూళ్ళూ తిరిగే వైద్యుడై ఉంటాడని కొందరు అంటారు.

భయపెట్టే సంగతి కూడా ఒకటి ఉంది. శ్మశానంలో కాక ఊళ్ళోనే ఒకచోట 137 ఎముక ముక్కలు దొరికాయి. కనీసం పదిమందివి. పిల్లలూ ఉన్నారు. వాటి మీద కత్తి గాట్లు, కాల్చిన గుర్తులు, విరగ్గొట్టిన గుర్తులు ఉన్నాయి. చనిపోయాక చేసినవి. 2017లో వాటిని మళ్ళీ పరీక్షించి పరిశోధకులు ఒక నిర్ణయానికి వచ్చారు. చచ్చినవాళ్ళు లేచి వచ్చి బతికినవాళ్ళకు హాని చేస్తారన్న భయంతో ఆ శవాలకు అలా చేసి ఉండవచ్చు అని. కరువులో మనుషుల్ని తిన్నారేమోనన్న సందేహాన్నీ పరిశీలించారు గాని, గాట్లు పడిన తీరు దానికి సరిపోలేదు. పరాయివాళ్ళు కాబోలు అనుకుంటే, పళ్ళ పరీక్షలో వాళ్ళు ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్ళేనని తేలింది. ఆ ఊళ్ళో బిడ్డలకు ఏడాదిన్నర పాలిచ్చిన తల్లులూ ఉన్నారు, చచ్చినవాళ్ళకు భయపడి శవాలను నరికినవాళ్ళూ ఉన్నారు. రెండూ కలిపి చూస్తేనే వాళ్ళు మనకు మనుషుల్లా కనిపిస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఊరు ఎందుకు పోయింది?

ఎవరినడిగినా ప్లేగు అంటారు. 1348లో ఇంగ్లండులో అడుగు పెట్టిన మహామారి, మరుసటి ఏడు యార్క్‌షైర్ చేరి ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ చేసింది. వోరమ్ పెర్సీలో ఆనాటి దొర కూడా 1349లో దానికే బలయ్యాడు. ఊరు పాడుబడడానికి ఇంత చక్కటి కారణం ఉండగా వేరే కారణం ఎవరు వెతుకుతారు? కానీ లెక్కల చిట్టాలు వేరే మాట చెబుతున్నాయి. ప్లేగుకు ముందే ఊరు చిక్కుల్లో పడింది. 1323 నాటికే మిల్లులు పాడుబడి, చాలా భూమి బీడు పడి ఉంది. స్కాట్లండు సైన్యాలు ఉత్తర ఇంగ్లండు మీద పడి దోచిన కాలం అది. ప్లేగు తరువాత, 1368లో, ఇంకా ముప్పై ఇళ్ళలో దీపం వెలుగుతూనే ఉంది. అంటే చావు దెబ్బ తిని కూడా ఊరు లేచి నిలబడింది. 1458లో పదహారు ఇళ్ళు మిగిలాయి.

మధ్యలో 1403లో పెర్సీలు ఆ ఊరిని హిల్టన్ అనే మరో దొరల కుటుంబానికి మార్పిడి కింద ఇచ్చేశారు. హిల్టన్‌లు ఉండేది దూరంగా, సండర్లండు దగ్గర. వాళ్ళకు ఈ ఊరు కాగితం మీద ఆదాయం. ప్లేగు తరువాత కూలీలు దొరకడం కష్టమైంది, కూలి పెరిగింది, ధాన్యం ధర పడిపోయింది. ఉన్నికి మాత్రం గిరాకీ ఉంది. నేల దున్నించాలంటే పదుల మంది రైతులు, ఎద్దులు, అరకలు కావాలి. అదే నేలలో పచ్చిక పెంచి గొర్రెలు తోలితే ఒక కాపరి, ఒక కుక్క చాలు. కొందరు రైతులు మంచి నేలలు వెతుక్కుంటూ తమంతట తామే వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళ చోట దొర కొత్తవాళ్ళను పెట్టలేదు. చివరికి మిగిలిన నాలుగు కుటుంబాలను 1500 ప్రాంతంలో వెళ్ళగొట్టారు. ఇళ్ళు కూలగొట్టారు.

ఈ నాలుగు కుటుంబాల సంగతి మనకెలా తెలిసింది? ఇలాంటివి దేశమంతా జరుగుతుంటే రాజుగారి ప్రభుత్వానికి కూడా బెంగ పట్టుకుంది. ఊళ్ళు పోతే పన్ను పోతుంది, సైన్యానికి మనుషులు పోతారు. 1489లోనే దీనికి వ్యతిరేకంగా చట్టం చేశారు. 1517లో విచారణ జరిపించారు. ఆ విచారణ కాగితాల్లో వోరమ్ పెర్సీలో నాలుగు ఇళ్ళు కూలగొట్టారని రాసి ఉంది. రాశారు గాని, ఆ కుటుంబాలను తిరిగి తెచ్చి కూర్చోబెట్టలేదు. అప్పటికే గొర్రెలు మేస్తున్నాయి.

ఆ ఊరిని ప్లేగు చంపలేదు. ప్లేగు బలహీనపరిచింది, అంతే. చంపింది లెక్క చూసుకున్న యజమాని నిర్ణయం. ఈ తేడా ముఖ్యం. రోగానికి ఎవరూ జవాబుదారీ కాదు. నిర్ణయానికి జవాబుదారీ ఉంటాడు. ఇంగ్లండు మొత్తం మీద ఇలా పాడుబడిన మధ్యయుగపు ఊళ్ళు మూడు వేల దాకా గుర్తించారు. అన్నిటికీ కారణం ఒకటే కాకపోవచ్చు. కానీ మహామారి పేరు చెప్పి దాటేసిన చోట్ల కాగితాలు మళ్ళీ తిరగేయాలని వోరమ్ పెర్సీ నేర్పింది.

ఊరు పోయినా చర్చి నిలిచింది. మొదట కర్రతో కట్టిన చిన్న గుడి, ఆపైన రాతి గుడి, జనం పెరిగిన కొద్దీ రెండు పక్కలా పెంచిన గుడి, జనం తగ్గాక ఆ పెంచిన భాగాలు కూల్చి కుదించిన గుడి. ఊరి జనాభా ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది ఆ గోడల్లో మూసేసిన కమానులు చూస్తేనే తెలిసిపోతుంది. అది ఐదు పల్లెలకు ఉమ్మడి గుడి. ఆ ఐదింటిలో నేటికీ ఊరుగా మిగిలింది థిక్సెండేల్ ఒక్కటే. వోరమ్ ఊరు ఖాళీ అయిపోయాక కూడా థిక్సెండేల్ వాళ్ళు గుట్టలు దాటి నడిచి వచ్చి ఇక్కడే ప్రార్థన చేశారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, తమవాళ్ళను పాతిపెట్టుకున్నారు. 1870లో వాళ్ళ ఊళ్ళోనే చర్చి వచ్చింది. అయినా వోరమ్ చర్చిలో 1949 దాకా ప్రార్థనలు జరిగాయి. ఆ తరువాత కప్పు మీది సీసం రేకులు దొంగలెత్తుకుపోయారు. 1959లో గోపురం సగం కూలింది.

1853లో లోయలోంచి ఒక రైలు మార్గం కూడా పడింది. మాల్టన్ నుంచి డ్రిఫీల్డ్ వరకు. దగ్గర్లో సుద్దరాతి గనులు వచ్చాయి. 1950లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి, 1958లో మార్గమే మూసేశారు. బెరెస్‌ఫర్డ్ మొదటి పార వేసిన ఏడాదే ఆ లోయలో ప్రయాణికుల రైలు ఆగింది.

శ్రోతలారా, ఇంత దూరపు ఊరి కథ మీకు చెప్పడానికి కారణం ఉంది. మన జిల్లాల్లోనూ పాత ఊళ్ళ పాటిదిబ్బలు చాలా ఉన్నాయి. వాటి మట్టి బలమైనదని బండ్ల కొద్దీ పొలాలకు తోలుకోవడం మనవాళ్ళకు అలవాటు. ఆ మట్టిలో కుండపెంకులు, పూసలు, బూడిద పొరలు కూడా వెళ్ళిపోతాయి. ఏ ఇల్లాలు ఊడ్చిన నేలో, ఏ బిడ్డ ఎముకో చెప్పగలిగింది అదే మట్టి. ఒకసారి కదిలించాక పొరలు మళ్ళీ వరసగా రావు. మీ ఊళ్ళో అలాంటి దిబ్బ ఉంటే, దాని పాత పేరు, అక్కడ ఎవరుండేవారని పెద్దలు చెప్పుకునే మాట ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ట్రాక్టరు వచ్చేలోపు పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి.

మీ పిల్లలు లీడ్స్‌లోనో యార్క్‌లోనో చదువుకుంటుంటే, వోరమ్ పెర్సీ చూసి రమ్మని చెప్పండి. మాల్టన్ దాకా రైలుంది. అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్ళి, బండి ఆపే చోటి నుంచి ముప్పావు మైలు కాలిబాటన దిగాలి. వానాకాలంలో బాట బురదగా ఉంటుంది, గట్టి బూట్లు వేసుకోమనండి. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ ఆ చోటును చూసుకుంటోంది. టిక్కెట్టు లేదు.